పీలిక లేని పిడి

అమ్మ చేయి కాలిన రోజు లాండ్రీలో అందరూ ఒకే మాట మీద నిలబడ్డారు. తప్పంతా కొత్తావిడదేనని. నేనూ తల ఊపాను. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నా మీద నాకు ఒళ్లు మండుతుంది.

మాది ఆసుపత్రుల దుప్పట్లూ లాడ్జీల దుప్పట్లూ ఉతికే లాండ్రీ. పొడవాటి రేకుల షెడ్డు. ఒక గోడ వారన నాలుగు మిషన్లు. ఒక్కో డ్రమ్ములో మనిషి ముడుచుకుని పడుకోవచ్చు. ఎదురుగోడకు ఇస్త్రీ రోలర్లు. మధ్య నేల ఎప్పుడూ తడే. ఆ చివర ఒక తలుపు, దాని వెనక మురికి గది. ఆసుపత్రి మూటలు ముందు అక్కడ విప్పుతారు. నెత్తురూ చీమూ అంటిన గుడ్డలను చేత్తో ఏరి వేరుచేయాలి. వారం రోజులు ఆ గదిలో ఉన్నవాళ్లకు ఇంటికెళ్లాక ముద్ద గొంతు దిగదు.

అమ్మ ఆరేళ్లుగా అక్కడ పనిచేస్తోంది. నా పరీక్షలయ్యాక, రెండు నెలల కిందట, నన్నూ చేర్చుకున్నారు. మూటలకు చీటీలు కట్టడం, ఏ వార్డువి ఎన్ని వచ్చాయో రాసుకోవడం నా పని. మా ఊరి బడిలో పంతులమ్మ వేళ్ల మీద కొట్టి నేర్పిన గుండ్రటి చేతిరాత చూసి మేనేజరు ముచ్చటపడ్డాడు. గమనికల పుస్తకం రాసే పని కూడా నాకే అంటగట్టాడు.

ఆ పుస్తకం అట్ట మీద పెద్ద అక్షరాలతో "తెలిసింది పంచుకుందాం" అని ఉంటుంది. ఏ మిషన్‌లో ఏ లోపం కనిపించినా అందులో రాయాలి, పక్కన పేరు పెట్టాలి. సోమవారం పొద్దున మేనేజరు అందరినీ నిలబెట్టి పైకి చదువుతాడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ చదివాక ఏం చేసేవాడో తెలుసా? పక్కన పేరున్న మనిషినే వారం పాటు మురికి గదికి పంపేవాడు. "నీ చేతిలో ఉండగానే కదమ్మా పాడైంది? కాస్త జాగ్రత్త అలవాటు కావాలి" అంటూ నవ్వేవాడు. కోప్పడినా బాగుండేది. నవ్వేవాడు.

అలా ముగ్గురు వెళ్లొచ్చాక పుస్తకంలో అందరూ లోపాలు రాయడం మానేశారు. ఎనిమిది నెలలుగా ప్రతి షిఫ్టుకీ ఒకటే వాక్యం. "అంతా సవ్యంగా ఉంది." అందులో చివరి రెండు నెలలవి నా గుండ్రటి అక్షరాలే.

సవ్యంగా ఏమీ లేదు. ఒక్కో మిషన్‌కీ ఒక్కో రోగం. అన్నిటికంటే పాపిష్టిది రెండోది. ఉతకడం అయిపోయి వేడినీళ్లు దిగిపోతే దాని తలుపు మీద ఎర్ర దీపం ఆరుతుంది. అప్పుడు పిడి తిప్పి తలుపు తెరవచ్చు. కానీ నీళ్లు పోయే గొట్టంలో నూగు అడ్డుపడితే నీళ్లు లోపలే ఉండిపోతాయి, దీపం మాత్రం టైము ప్రకారం ఆరిపోతుంది. లోపల మరిగే నీళ్లు, బయట ఆరిన దీపం. పానా మామయ్య వచ్చి గొట్టం పొడిచి శుభ్రం చేస్తే నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. ఆయన మా మెకానిక్కు. చేతిలో పానా లేకుండా ఎవరూ ఆయన్ని చూడలేదు కాబట్టి ఆ పేరు. కొత్త గొట్టం కావాలని ఆయన అడగలేదు. అడగాలంటే పుస్తకంలో రాయాలి, రాస్తే పేరు పెట్టాలి.

అందుకని అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. చిరిగిన దుప్పటి నుంచి నీలం పీలికలు చించింది. మిషన్ మొరాయిస్తోందని కనిపెట్టినవాళ్లు దాని పిడికి పీలిక కడతారు. బాగయ్యాక విప్పేస్తారు. పీలిక ఉంటే పిడి ముట్టుకునే ముందు వంద లెక్కపెట్టి, గొట్టం తట్టి చూడాలి. లేకపోతే భయం లేదు. పొద్దున షిఫ్టువాళ్లు ఏమీ చెప్పకుండానే మధ్యాహ్నం షిఫ్టువాళ్లకు సంగతి తెలిసిపోతుంది. "పుస్తకం సారుది, పిడి మనది" అనేది అమ్మ. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూడాలి.

ఈ సంగతి అందరికీ తెలుసు, కొత్తావిడకు తప్ప.

ఆమె వచ్చిన మొదటి రోజు మేనేజరు "రా అక్కా" అని పిలిచాడు. అంతే, ఆమె పని అయిపోయింది. ఎప్పుడో ఆయన హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఆమె అక్కడ బట్టలు ఉతికేదట. ఆ ముక్క మాకు చాలా తర్వాత తెలిసింది. అప్పటికి మేము అనుకున్నది వేరు, సారు మన మీద చెవి పెట్టాడని.

"గోడలకు చెవులుంటాయని విన్నాను" అంది రేడియో పెద్దమ్మ. నిద్రలో కూడా ఆగదని ఆమెకు ఆ పేరు. "ఇప్పుడు చెవికే కాళ్లొచ్చాయమ్మా, దుప్పట్లు కూడా మడతపెడుతోంది."

అందరం నవ్వాం. కొత్తావిడ రోలర్ దగ్గర నుంచి తలెత్తి చూసి, ఎందుకో తెలియక తానూ కొంచెం నవ్వింది.

టీ వేళ ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. పదకొండు రోజులు మూటల వైపు తిరిగి ఒక్కతే తింది. నా బల్ల అక్కడే. నేనెవరితోనూ ఎక్కువ మాట్లాడను కాబట్టి, నేను మాట్లాడకపోవడం ఆమెకు తేడాగా అనిపించలేదేమో. తను తెచ్చుకున్నదాంట్లో సగం నా చీటీల పక్కన పెట్టి వెళ్లేది.

పన్నెండో రోజు శుక్రవారం. మధ్యాహ్నం రెండుకు షిఫ్టు మారుతుంది. పొద్దున షిఫ్టులో రేడియో పెద్దమ్మ రెండో మిషన్‌కు పీలిక కట్టింది. కట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. కొత్తావిడ ఇంటికి బయల్దేరుతూ షెడ్డంతా ఒకసారి కలియజూసింది. ఆమెకు శుభ్రం పిచ్చి. పనయ్యాక కూడా నేల మీద దారప్పోగు కనిపిస్తే వంగి తీస్తుంది.

"ఏంటమ్మా ఇది, పిడికో గుడ్డముక్క! జిడ్డోడుతున్నాయి. ఆసుపత్రి గుడ్డలు ఉతికే చోట ఇలా ఉంటే ఎలా?" అంది నాతో. రెండో మిషన్ పిడికున్నది విప్పింది. నాలుగోదానికున్నది విప్పింది. రోలరుకున్నది కూడా. నిన్న విప్పి, ఉతికి ఆరేసినవి రెండు అప్పటికే ఆమె ఏప్రన్ జేబులో ఉన్నాయి.

నేను చూశాను. మూరెడు దూరంలో కూర్చుని చూశాను. "అత్తా, అది విప్పకు." ఇంతే అనాల్సింది. గొంతు దాకా వచ్చింది. పీలికల సంగతి ఆమెకు చెప్పొద్దని అమ్మ అంది కదా అనుకున్నాను. ఎందుకు అని అడిగితే ఏం చెప్పాలి అనుకున్నాను. రేడియో పెద్దమ్మ వచ్చి చూసుకుంటుందిలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఇవన్నీ తర్వాత కల్పించుకున్నవి. నాకు నోరు పెగల్లేదు, అంతే. బడిలో జవాబు తెలిసి కూడా చెయ్యెత్తని పిల్లను నేను. తల వంచుకుని చీటీ మీద "ఆరో వార్డు" అని రాశాను.

పావుగంటకు, నేనింకా చీటీల మీదే వంగి ఉండగా, అమ్మ షిఫ్టుకు వచ్చింది. దీపం చూసింది, ఆరి ఉంది. పిడి చూసింది, పీలిక లేదు. తిప్పింది.

అరుపు నాకు వినపడలేదు. నీళ్లు నేల మీద పడిన చప్పుడే వినిపించింది. తర్వాత ఆవిరి. ఆవిరిలోంచి అమ్మ కుడిచేయి పైకెత్తి పట్టుకుని, ఎవరిదో చేయి మోసుకొస్తున్నట్టు నడిచివచ్చింది. పానా మామయ్య మిషన్ ఆపాడు. ఎవరో చన్నీళ్ల పైపు తెచ్చారు. మోచేతి నుంచి వేళ్ల దాకా తోలు ముడతలు పడి లేచిపోయింది.

గేటు దాకా వెళ్లిన కొత్తావిడ పరిగెత్తుకుంటూ వెనక్కొచ్చింది. రేడియో పెద్దమ్మ ఆమె జబ్బ పట్టుకుంది.

"పీలికలేవి? పిడికి కట్టిన పీలికేది?"

"ఇవా?" ఆమె జేబులోంచి తీసింది. ఇవాళ్టి మురికివి మూడు. నిన్నటివి రెండు, ఉతికి, ఇస్త్రీ చేసి, జేబురుమాళ్లలా నాలుగు మడతలు పెట్టినవి. "మురిగ్గా ఉన్నాయని..."

"ఇస్త్రీ కూడా చేసిందమ్మా మహాతల్లి!"

"నేనేం చేశాను? ఎవరైనా చెప్పండి, నేనేం చేశాను?"

ఎవరూ చెప్పలేదు. ఆ క్షణంలో కూడా ఎవరూ చెప్పలేదు! ఒక మనిషి కాలిపోయాక కూడా ఇంకా ఆమె సారు చెవే మాకు.

మేనేజరు వచ్చాడు. పీలికల మాట ఎత్తకుండా రేడియో పెద్దమ్మ కథ అల్లేసింది. మిషన్ దగ్గర చివరగా ఉన్నది కొత్తావిడేననీ, నీళ్లు దిగలేదని చెప్పకుండా వెళ్లిపోయిందనీ. ఆయన అందరి మొహాలూ చూశాడు. అందరూ తలలు ఊపారు. నేనూ.

శనివారానికల్లా ఆయన ఫిర్యాదు కాగితం తయారు చేశాడు. సోమవారం అమ్మ దాని మీద సంతకం పెట్టాలి. పెడితే కొత్తావిడను పంపించేస్తారు. అంత తొందరెందుకంటే, ఎవరో ఒకరి పేరు చెప్పకపోతే యజమానికి ఆయన జవాబు చెప్పుకోవాలి. ఆ కాగితం చూశాక నాకు వెలిగింది. నిజంగా ఆమె ఆయన చెవే అయితే, చెవిని ఇంత సులువుగా కోసుకుంటాడా ఎవడైనా?

శనివారం షిఫ్టు అయ్యాక పుస్తకం తీశాను. మామూలు వాక్యం రాయలేదు. రెండో మిషన్ గొట్టం సంగతి రాశాను. పీలికల సంగతి రాశాను. ఇంట్లో నా డైరీలో ఆ మిషన్ మొరాయించిన తేదీలున్నాయి, గుర్తున్నంత వరకూ అవీ రాశాను. చివర, "పీలిక విప్పుతుంటే నేను చూశాను. చెప్పలేదు" అని రాసి నా పేరు పెట్టాను. ఈసారి అక్షరాలు గుండ్రంగా రాలేదు.

ఆదివారం అమ్మ కట్టు మారుస్తూ చెప్పాను.

"ఏం రాశావే?"

"పీలికల గురించి."

"పుట్టుకతో లేని నోరు ఇప్పుడొచ్చిందా నీకు?"

"నోటితో చెప్పలేదమ్మా. రాశాను."

"రాతకు నోరు లేదనుకున్నావా? రేపు పొద్దున సారు తన నోరు అరువిస్తాడు దానికి. రేడియో మోకాళ్లు పట్టుకుని ఆ గదిలో వంగి చస్తుంది. పానా అన్నయ్యను వదుల్తాడా? నన్ను వదుల్తాడా? ఎవరి కోసం ఇదంతా? ఆవిడెవరే నీకు?"

"విప్పుతుంటే చూశానమ్మా."

"ఏంటి?"

"ఆవిడ విప్పుతుంటే చూశాను. నా పక్కనే. చూసి ఊరుకున్నాను."

అమ్మ కాలని చేత్తో నా చేతిలోని మందు డబ్బా లాక్కుంది. మూత పెట్టలేక మళ్లీ నా ఒళ్లోకి విసిరింది.

"అంటే ఈ చెయ్యి కాల్చింది నువ్వన్నమాట."

అప్పుడు నాలో ఏదో తెగింది. "నేనా? చెప్పొద్దన్నదెవరు? ఆవిడ ముందు మాట్లాడొద్దని కళ్లెర్రజేసిందెవరు? నువ్వు కట్టిన పీలికే నిన్ను కాల్చింది. అది మనవాళ్లకు మాత్రమే కనపడాలనుకున్నావు చూడు, అదే కాల్చింది!"

ఇంట్లో నా గొంతు అంత పెద్దగా లేవడం అదే మొదలు. పక్కింటివాళ్ల కిటికీ మూసుకున్న చప్పుడైంది. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజంతా ఒకే గదిలో ఇద్దరం ఒకరి మీద ఒకరం మండుతూ గడిపాం. రాత్రి ఎప్పుడో, నిద్రపోయిందనుకున్నాక, "రాయడం తప్పు కాదు" అంది గోడతో. "చూసి ఊరుకున్నావు చూడు. అది మింగుడు పడట్లేదు నాకు."

సోమవారం పొద్దున అందరం నిలబడ్డాం. రెండు షిఫ్టులవాళ్లం, ముప్పైమంది పైగా. మేనేజరు నవ్వుతూ వచ్చి, ఫిర్యాదు కాగితం బల్ల మీద పెట్టి, అలవాటు కొద్దీ పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. రెండో వాక్యానికి గొంతు నెమ్మదించింది. నాలుగో వాక్యానికి ఆగాలనుకున్నాడు కానీ, అప్పటికే అందరూ వింటున్నారు. "పీలిక విప్పుతుంటే నేను చూశాను, చెప్పలేదు" దాకా చదివేశాడు.

రేడియో పెద్దమ్మ నోరు కూడా ఆగిపోయింది.

కొత్తావిడ వరస తప్పి నా ముందుకొచ్చింది. ఇప్పుడు ఆమె నా చేయి పట్టుకుంటుందనుకున్నాను. సిగ్గులేకుండా అలాగే అనుకున్నాను.

"చూశావా? పక్కనే కూర్చుని చూశావా?"

తల ఊపాను.

"పదకొండు రోజులు నా చేతి తిండి తిన్నావు. 'విప్పకు' అని ఒక్క మాట రాలేదా నీకు? మూడు రోజుల నుంచి నిద్ర లేదు నాకు, ఒక మనిషిని కాల్చానని. ఎలా కాల్చానో కూడా తెలీదు. ఇప్పుడు రాశావా, అందంగా? నీ రాత నువ్వే చదువుకో."

ఆమె అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. చెంపదెబ్బ కొట్టినా ఇంకా నయంగా ఉండేది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "చిన్నపిల్ల, ఏదో రాసింది. దీన్ని పెద్దది చేస్తే అందరికీ ఇబ్బంది. ఎనిమిది నెలలు దాచారంటే అందరి పేర్లూ బయటికొస్తాయి." అమ్మ వైపు తిరిగాడు. "నేనో మాట చెప్తాను. ఈ పేజీ చింపేద్దాం. నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టు. అక్కతో సహా ఎవరికీ..." ఆగాడు. "సరే, అక్క సంగతి వేరు. మిగతా ఎవరికీ ఏమీ కాదు."

పక్కన నిలబడ్డ వాళ్లెవరో "పెట్టెయ్యమ్మా" అన్నారు మెల్లగా.

అమ్మ బల్ల దగ్గరకు వెళ్లింది. ఎడంచేత్తో కలం తీసుకుంది. ఆమె కాగితాన్ని కాసేపు చూసింది. తర్వాత కలం నా వైపు చాపింది.

"పేజీ చింపితే పుస్తకంలో ఇంకేం మిగుల్తుంది సారూ? అంతా సవ్యంగా ఉంది! ఎనిమిది నెలల సవ్యం." కట్టు కట్టిన చేయి ఆయన మొహం ముందు పెట్టింది. "ఇదిగో మీ సవ్యం. చూడండి, దగ్గరగా చూడండి. రాయవే."

"ఏం రాయాలమ్మా?"

"పండగ పద్యం. మొదటి మిషన్ రాయి. దాని తలుపు రబ్బరు చీలి ఐదు నెలలైంది. ఎవరు కనిపెట్టారు? నేను. నాలుగోది తిరుగుతూ జరుగుతోంది, కింద బోల్టు లేదు. రోలరుకు చెయ్యి అడ్డం పెడితే ఆగాలి, ఆగదు..."

"అమ్మా, ఇంక చాల్లే" అన్నాడు మేనేజరు. నవ్వు ఇంకా మొహానికి అతుక్కునే ఉంది, కళ్లలో మాత్రం లేదు.

"చాలడమేంటి సారూ, ఇంకా చలికాలమే దాటలేదు. దాని వెనక వానాకాలం సంగతులున్నాయి."

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. రేడియో పెద్దమ్మకు మాట తిరిగొచ్చింది. "ఆ బోల్టు ఊడింది నా చేతిలోనే. రాసుకో. మోకాళ్లున్నాయిగా, వంగుతాయిలే, మురికి గది నాకు కొత్తా?" పానా మామయ్య మెల్లగా, నేలను చూస్తూ, "కొత్త గొట్టం అడగాల్సింది నేను చెల్లెమ్మా. అడగలేదు" అన్నాడు. అమ్మ ఆయనను కూడా వదల్లేదు. "అడగలేదు. మేమూ అడగనివ్వలేదు. రాయవే అదీ."

రాస్తూనే ఉన్నాను. వేళ్లు నొప్పెట్టాయి. అప్పుడు కొత్తావిడ గొంతు వినిపించింది. దాంట్లో ఇంకా కోపమే ఉంది.

"మూడోదాని సంగతి ఎవరూ చెప్పరేం?"

"మూడోది బాగుంది" అంది అమ్మ. "ఈ నాలుగింట్లో బాగున్నది అదొక్కటే."

"వెనక చూశారా ఎప్పుడైనా? నేల తుడుస్తూ నేను చూశాను. కరెంటు వైరు తోలు ఊడిపోయి ఉంది. రోజూ నీళ్లు దాని కిందికే పారతాయి. ఇంకో రెండు వేళ్లు లేస్తే తగుల్తాయి."

పానా మామయ్య చేతిలోంచి పానా పడిపోయింది. తడినేల మీద పరిగెత్తబోయి, ఆగి, గోడ వారగా పొడినేల మీద నుంచి వెళ్లి పెద్ద మీట కిందికి లాగాడు. లైట్లు ఆరాయి. రోలర్లు మూలుగుతూ ఆగిపోయాయి. మేమందరం చెప్పులకింది తడిని చూసుకుంటూ కదలకుండా నిలబడ్డాం. కాసేపటికి మిషన్ వెనక నుంచి ఆయన మాట వినిపించింది. "నిజమే. రాగి బయటపడింది."

"ఎప్పటి నుంచి తెలుసు అక్కా నీకు?" అడిగాడు మేనేజరు.

"రెండో రోజు నుంచి."

"మరి చెప్పాలి కదా!"

"ఎవరికి?"

ఆమె మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. తొందరపడలేదు. అమ్మ వంతు వచ్చినప్పుడు అమ్మ చూపు తిప్పుకోలేదు. ఎడంచేత్తో సంతకం లేని ఆ కాగితాన్ని బల్ల మీద నుంచి మేనేజరు వైపు తోసేసింది. అది ఆయన చొక్కాకు తగిలి ఆగింది.

కిటికీ వెలుగులో నేను మూడో మిషన్ గురించి రాశాను. వైరు, నీళ్లు, రాగి. మేనేజరు నా భుజం మీదుగా చూస్తున్నాడు. పక్క గడి ఖాళీగా ఉండటం ఆయనకు కనపడింది.

"పేరు పెట్టు. ఎవరు చెప్పారో పెట్టాలి కదా."

కొత్తావిడ నా వైపు చూడలేదు. ఆ రోజే కాదు, తర్వాత చాలా రోజులు చూడలేదు. నేను తలెత్తాను. ముప్పైమంది ముందు ఎప్పుడూ పలకని నా గొంతు బొంగురుగా, నాకే కొత్తగా వినిపించింది.

"పెట్టను సారూ. ఎవరి పేరూ పెట్టను. ముందు వైరు మార్పించండి."